తరగతిని అదుపులో పెట్టకండి

బీఎడ్ రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌కి తయారవుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మొదటి ఏడాది 4 వారాలు ఎక్కువగా వెనక బెంచీలో కూర్చుని ఇతరుల పాఠాలు చూడటంతోనే గడిచిపోతాయి. రెండో ఏడాది 16 వారాలు అలా గడవవు. పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం లాంగ్ బెల్ దాకా బడిలోనే ఉంటారు. ఏడో తరగతి ‘బి’ సెక్షన్ గుమ్మం దాటేసరికి, కాలేజీలో చేసిన మైక్రో టీచింగ్ ఒక్క ముక్క గుర్తురాదు. అక్కడ ఐదారుగురు స్నేహితులు చేతులు కట్టుకుని పిల్లల్లా నటించారు. ఇక్కడ నలభై యాభై మంది నిజం పిల్లలున్నారు. ఒకడి పెన్ను ఇంకొకడు లాక్కున్నాడు, ఒకమ్మాయికి ఒకటికి వెళ్ళాలి, ఇద్దరికి ఇంటర్వెల్‌లో మొదలైన తగువు ఇంకా తెగలేదు, కిటికీ పక్కనున్నవాడు రోడ్డు మీద పోతున్న ట్రాక్టరు నెంబరు చదువుతున్నాడు.

మీరు బడిలో అడుగు పెట్టిన రోజే స్టాఫ్‌రూమ్‌లో సలహాలు మొదలవుతాయి. ‘మొదటి నెల నవ్వకమ్మా.’ ‘మొదట్లోనే బిగించెయ్యి, తర్వాత వదిలినా ఫర్వాలేదు.’ ‘చనువిస్తే చంకెక్కుతారు.’ ‘ఒకడికి గట్టిగా తగిలిస్తే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే దారికొస్తారు.’ ఇవి చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మీ మీద ప్రేమతోనే చెబుతారు, టీ కూడా పోయించి మరీ చెబుతారు. కానీ ఆ సలహాలన్నీ కలిపి చూడండి, గోల మొదలయ్యాక ఏం చెయ్యాలన్న దాని గురించే ఉంటాయి. గోల ఎందుకు మొదలైందో, అంతకు రెండు నిమిషాల ముందు పిల్లల చేతుల్లో ఏ పని ఉందో ఎవరూ అడగరు. నా సలహాలు ఆ రెండు నిమిషాల గురించి. ఇవి స్టాఫ్‌రూమ్‌లో చెబితే తలకిందుల మాటలంటారు. అన్నా సరే, 16 వారాల పాటు ఇలాగే చేసి చూడమని అడుగుతున్నాను.

నిశ్శబ్దం అడక్కండి

‘సైలెన్స్!’ అని అరుస్తారు, డస్టర్‌తో బల్ల మీద కొడతారు. అర నిమిషం ఆగుతుంది. మళ్ళీ గుసగుస, మళ్ళీ గోల, మళ్ళీ డస్టర్. పీరియడ్ అయ్యేసరికి బల్ల మీద సుద్దపొడి, మీ గొంతులో జీర తప్ప ఏమీ మిగలదు. ఊరికే నోరు మూసుకుని కూర్చోమంటే పిల్లలు కూర్చోలేరు. పెద్దవాళ్ళం మనమే శిక్షణ తరగతుల్లో పక్కవాళ్ళతో కబుర్లాడకుండా గంట కూర్చోలేం.

గిజుభాయి బధేకా ఈ సంగతి ఏనాడో రాశాడు. భావ్‌నగర్‌లో బాలమందిరం నడిపిన మనిషి, అంతకు ముందు వకీలు. ఆయన గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ 1932లో వచ్చింది. అందులో లక్ష్మీరామ్ అనే మాస్టారు నాలుగో తరగతిని ప్రయోగానికి తీసుకుంటాడు. మొదటి రోజు ఎంతో ఆలోచించుకుని వచ్చి, పిల్లలతో శాంతి ఆట ఆడించబోతాడు. తలుపులు వేసి, అందరూ కదలకుండా ఉండాలంటాడు. పిల్లలు ఎగతాళి చేసి గోల గోల చేస్తారు. ఆట చెడిపోతుంది, ఆ పూటకి పిల్లల్ని ఇంటికి పంపేస్తాడు. మర్నాడు వచ్చి కథ మొదలుపెడతాడు. నిన్న అంత అల్లరి చేసిన పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చుట్టూ చేరి వింటారు. ట్రైనీలు ఈ పుస్తకం ఇంటర్న్‌షిప్‌కి ముందే చదవాలి. మీ మనోవిజ్ఞాన శాస్త్రం గైడు తర్వాత చదువుకోవచ్చు.

కాబట్టి నిశ్శబ్దం కోసం వెతక్కండి, గోల ఏ రకందో వినడం నేర్చుకోండి. మా బడికి వచ్చిన ఒక ట్రైనీ అమ్మాయి ఏడో తరగతికి వృత్తం చుట్టుకొలత చెప్పాల్సి వచ్చింది. సూత్రం బోర్డు మీద రాయలేదు. ఒక దారపు ఉండ తెచ్చింది. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, గుండ్రంగా ఉన్న వస్తువు ఏదో ఒకటి తీయమంది. గాజులు, నీళ్ళ సీసా మూతలు, టిఫిన్ డబ్బాలు, మధ్యాహ్న భోజనం పళ్ళేలు బయటికొచ్చాయి. చుట్టూ దారం పెట్టి కొలవాలి, అడ్డంగా స్కేలు పెట్టి కొలవాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. గది హోరెత్తిపోయింది. పళ్ళెం అడ్డుకొలత 28 సెంటీమీటర్లు, చుట్టూ 88. గాజు 6, చుట్టూ 19. బోర్డు మీద 3.14, 3.16, 3.2 అని వరసగా పడుతున్నాయి. ఒక జంటకి 2.6 వచ్చింది. తప్పని ఆ అమ్మాయి అనలేదు, రాసి ఊరుకుంది. మిగతా పిల్లలే వెనక్కి తిరిగి ‘దారం జారిపోయి ఉంటుందిరా, మళ్ళీ కొలువు’ అన్నారు. ఇంతలో హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడ్డారు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. ఆయన కోప్పడలేదు, చివరి వరసలో ఒకణ్ణి పట్టుకుని ‘ఏం చేస్తున్నావురా?’ అని అడిగారు. ‘ఏ గుండ్రం తీసుకున్నా మూడే వస్తోంది సార్, మూడు మీద కొంచెం’ అన్నాడు వాడు. ఆయన తలాడించి వెళ్ళిపోయారు.

మీరూ అదే పరీక్ష పెట్టుకోండి. గోలగా ఉన్నప్పుడు మధ్యలో ఎవరినైనా ఒకరిని ‘ఇప్పుడు ఏం చేస్తున్నావు?’ అని అడగండి. చెప్పగలిగితే ఆ గోల పాఠమే, అలా సాగనివ్వండి. చెప్పలేకపోతే పని ఇవ్వడంలో లోపముంది. అప్పుడు కూడా ‘సైలెన్స్’ అని అరవొద్దు, ఆ పని ఏమిటో మళ్ళీ చెప్పండి.

గంట కొట్టాక మొదలుపెట్టకండి

మీరు లోపలికి వచ్చాక పిల్లలు లేచి నిలబడి రాగం తీస్తూ ‘గుడ్ మార్నింగ్ సా…ర్’ అంటారు. కూర్చోమంటారు. హాజరు పిలుస్తారు, ఇప్పుడు హాజరు యాప్‌లో కూడా పడాలి, నెట్ రాదు. బోర్డు తుడుస్తారు, సుద్దముక్క వెతుకుతారు, నిన్న ఎక్కడ ఆపామని అడుగుతారు. అప్పటికి ఏడెనిమిది నిమిషాలు. ఆ పీరియడ్‌లో జరగబోయే అల్లరికంతటికీ విత్తనం ఆ ఏడెనిమిది నిమిషాల్లోనే పడుతుంది. చేతిలో పని లేని యాభై మందిని అంతసేపు ఊరికే కూర్చోబెట్టి, తర్వాత వాళ్ళకి క్రమశిక్షణ లేదనడం అన్యాయం.

వీలైతే ముందు పీరియడ్ అయిపోతుండగానే వరండాలో ఉండండి. లోపలికి వెళ్ళగానే మాట్లాడకుండా బోర్డు మీద ఒక చిన్న పని రాయండి. నిన్నటి పాఠంలోంచి రెండు లెక్కలు కావచ్చు, ఒక బొమ్మకు పేర్లు పెట్టడం కావచ్చు, ‘మీ ఊరి చెరువు గురించి మూడు వాక్యాలు రాయండి’ అని కావచ్చు. ప్రతి రోజూ, అదే మూలన, అదే చోట రాయండి. వారం తిరిగేసరికి పిల్లలు ఆ మూల చూసి వాళ్ళంతట వాళ్ళే నోటుబుక్కు తెరుస్తారు. వాళ్ళు రాస్తుండగా మీరు హాజరు వేసుకోండి. ‘గుడ్ మార్నింగ్’ లేకుండా క్లాసు మొదలైందని ఎవరైనా తప్పు పడితే పడనివ్వండి. మర్యాద నేర్పడానికి బోలెడు సందర్భాలు దొరుకుతాయి.

మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్ ట్రైనీలకే ఎక్కువగా అంటగడతారు. పప్పన్నం తిని, ఎండలో పరిగెత్తి వచ్చిన పిల్లలకి ఆ సమయంలో ఉపన్యాసం చెప్పకండి. చేతితో చేసే పని, గీసే పని, నిలబడి చేసే పని ఏదైనా పెట్టండి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండ ముదిరే చివరి పీరియడ్లకీ ఇంతే.

ప్రశ్న అడిగి ఊరుకోండి

మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు సైన్స్ తరగతులను టేపుల్లో రికార్డు చేసి విన్నది. 1974లో ఆవిడ ప్రకటించిన సంగతి ఇది: ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేయగానే పిల్లల జవాబులు పొడవయ్యాయి, తెలియదనేవాళ్ళు తగ్గారు, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు.

మూడు సెకన్లంటే ఏముందిలే అనిపిస్తుంది. పరిశీలించడానికి వచ్చిన లెక్చరరు వెనక కూర్చుని ఉండగా మూడు సెకన్లు నోరు మూసుకుని నిలబడి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. పాఠం మరిచిపోయారనుకుంటారేమోనని గుబులు పుడుతుంది. ఆ గుబులుతోనే ముందు బెంచీలో చెయ్యెత్తిన అమ్మాయి చేత చెప్పించేసి ముందుకు వెళ్ళిపోతారు. ఆ అమ్మాయికి జవాబు మీరు అడగకముందే తెలుసు. ప్రశ్న అవసరమైనవాడు నాలుగో బెంచీలో ఇంకా ఆలోచిస్తున్నాడు. వాడి ఆలోచన సగంలో తెంచేశారు. రోజుకి పదిసార్లు అలా తెగితే వాడు ఆలోచించడం మానేసి పక్కవాడి జేబులో చెయ్యి పెడతాడు. మీరు దాన్ని అల్లరి అంటారు.

ఎవరినీ పేరు పెట్టి పిలవకముందే ప్రశ్న అడగండి. అడిగి ఊరుకోండి. మనసులో మూడు లెక్కపెట్టండి, లెక్క త్వరత్వరగా పెట్టకండి. తర్వాత పేరు పిలవండి. పేరు ముందు పిలిస్తే మిగతా నలభై తొమ్మిది మందికి సెలవు ఇచ్చేసినట్టే.

క్లాస్ లీడర్ చేతికి సుద్దముక్క ఇవ్వకండి

ఈ సలహా మీద నాకు పట్టుదల ఎక్కువ, కొంచెం సాగదీస్తాను, ఏమనుకోకండి.

టీచరు లేని సమయంలో ‘మాట్లాడినవాళ్ళ పేర్లు రాయి’ అని లీడరును బోర్డు దగ్గర నిలబెట్టడం మన బడుల్లో తరతరాలుగా ఉంది. మీరూ అలాంటి బోర్డు మీద పేరు పడే పెరిగి ఉంటారు, లేదా మీరే లీడరై ఉంటారు. ఆ బోర్డును ఒకసారి దగ్గరగా చూడండి. మొదట ఎడమ మూలన నాలుగు పేర్లు పడతాయి. ‘నేను మాట్లాడలేదు, రబ్బరు అడిగా’ అని ఒకడు లేస్తాడు. లేచి మాట్లాడాడు కాబట్టి అతని పేరు పక్కన ఇంటూ గుర్తు. ఇంకో మాట అంటే ఇంకో ఇంటూ. ‘నీ ఫ్రెండ్ పేరు రాయలేదేం?’ అని ఇంకొకమ్మాయి. అలా అడిగినందుకు ఆమె పేరు కూడా. పది నిమిషాలయ్యేసరికి లీడరు స్నేహితులు తప్ప తరగతి సగం బోర్డెక్కుతుంది. మధ్యలో డస్టరుతో ఒక పేరు చెరిగిపోతుంది, ఏదో బేరం కుదిరిందన్నమాట. బేరం రేగుపళ్ళు కావచ్చు, హోమ్‌వర్కు చూపించడం కావచ్చు. మీరు తిరిగొచ్చి ఆ జాబితా చదివి శిక్షలు వేస్తారు.

ఆ పది నిమిషాల్లో ఎవరికేం తెలిసిందో ఆలోచించండి. రబ్బరు అడిగినవాడికి, నిజం చెప్పడానికి లేస్తే శిక్ష పెరుగుతుందని తెలిసింది. పేరు చెరిపించుకున్నవాడికి అధికారాన్ని ఎలా మచ్చిక చేసుకోవాలో తెలిసింది. అందరికన్నా ఎక్కువ నష్టపోయింది లీడరే. పన్నెండేళ్ళ పిల్లకి ఏ విచారణా లేకుండా తోటివాళ్ళ మీద తీర్పు చెప్పే పని అప్పగించాం. ఇంటర్వెల్‌లో ఆ పిల్లతో ఎవరూ మాట్లాడరు. ఈ చిన్న పద్ధతిలోంచి పెద్దయ్యాక చాలా చెడ్డ అలవాట్లు బయటికొస్తాయని నా నమ్మకం.

లీడరు ఉండొద్దని నేననడం లేదు. లీడరు పుస్తకాలు పంచవచ్చు, స్టాఫ్‌రూమ్ నుంచి మ్యాపు తేవచ్చు, రాని పిల్లల కోసం నోట్సు రాసి పెట్టవచ్చు. ఆ పనులు కూడా వారం వారం మార్చండి. బోర్డు మాత్రం ఇవ్వొద్దు. మీరు పది నిమిషాలు బయటికి వెళ్ళక తప్పకపోతే పని ఇచ్చి వెళ్ళండి, తిరిగొచ్చి ఆ పని చూడండి. ఎవరు మాట్లాడారని అడక్కండి.

అందరి ముందు ఎవరినీ మందలించకండి

ఒకణ్ణి తిడితే మిగతావాళ్ళు దారికొస్తారని కదా స్టాఫ్‌రూమ్ మాట. సరిగ్గా అదే నమ్మకాన్ని పరీక్షించిన పరిశోధకుడు జేకబ్ కౌనిన్. ఒకసారి తన క్లాసులో పేపరు చదువుతున్న విద్యార్థిని ఆయన మందలించాడు. ఆ మాట మిగతావాళ్ళ మీద కూడా పనిచేసినట్టు కనిపించింది. ఎందుకలా జరిగిందో తెలుసుకోవాలనిపించి ఏళ్ళ తరబడి తరగతి గదులను వీడియో తీసి చూశాడు. 1970లో పుస్తకంగా వేసిన ఫలితం ఆయన మొదట ఊహించినట్టు లేదు. అల్లరి జరిగాక ఉపాధ్యాయులు ఏం అన్నారు, ఎలా అన్నారు అన్నదానికీ తరగతి బాగా నడవడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. బాగా నడిపే టీచర్లు అల్లరి మొదలు కాకముందు చేసే పనుల్లోనే వేరుగా ఉన్నారు. గదిలో ఏ మూల ఏం జరుగుతోందో వాళ్ళకి తెలుసని పిల్లలకి తెలుసు. ఒకేసారి రెండు పనులు చూసుకోగలరు. ఒక పని నుంచి ఇంకో పనికి వెళ్ళేటప్పుడు ఖాళీ రానివ్వరు.

అందుకని ముందు గదిలో నడవండి. బోర్డుకీ బల్లకీ మధ్య రెండు గజాల్లో తిరిగే టీచరుకి మూడో వరస తర్వాత ఏమీ తెలియదు. వెనక గోడ దగ్గర నిలబడి పాఠం చెప్పి చూడండి. ముందు బెంచీవాళ్ళు ఆశ్చర్యపోతారు, వెనకవాళ్ళు సర్దుకుని కూర్చుంటారు. పక్కవాడితో కబుర్లాడుతున్నవాడి దగ్గరికి పాఠం చెబుతూనే వెళ్ళి, వాడి పుస్తకంలో చూడాల్సిన లైను మీద వేలు పెట్టి, పాఠం ఆపకుండా ముందుకు కదలండి. ఎవరికీ తెలియదు, వాడికి తప్ప.

అంతకన్నా పెద్దదైతే పీరియడ్ అయ్యాక వరండాలో రెండు నిమిషాలు మాట్లాడండి. అక్కడ వాడికి ప్రేక్షకులు లేరు, మీకూ లేరు. ‘ఏమైందిరా ఇవాళ?’ అని అడగండి, అడిగి వినండి. రాత్రి ఇంట్లో గొడవై నిద్రపోలేదనో, పొద్దున తినకుండా వచ్చాననో చెప్పే పిల్లలు మీకు కచ్చితంగా తగులుతారు. అందరి ముందు నిలదీస్తే వాళ్ళు ఏదో ఒకటి ఎదురు చెప్పి నవ్వించి తప్పించుకుంటారు, మీరు ఓడిపోతారు. ఓడిన టీచరు చెయ్యెత్తుతాడు.

ఆ చెయ్యెత్తడం గురించి కూడా సూటిగా చెబుతాను. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. తప్పినవారి మీద సర్వీసు నిబంధనల కింద చర్య తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉంది. బెత్తం పట్టుకోలేదు కదా, గోడకుర్చీయే వేయించానంటారు కొందరు. వీపు గోడకి ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి ఉంటే తొడలు ఎంతలా వణుకుతాయో మీరు ఒక్క నిమిషం చేసి చూసి చెప్పండి. గుంజీలు, తొడపాశం, మోకాళ్ళ మీద నిలబెట్టడం, ‘నువ్వు గేదెలు కాచుకోవడానికే పనికొస్తావు’ అనే మాట, ఇవన్నీ ఆ సెక్షన్ కిందికే వస్తాయి. గేదెలు కాసే ఇంటి నుంచి వచ్చిన పిల్లాడికి ఆ మాట రెండు రకాలుగా తగులుతుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అని ఎవరైనా అంటే వినండి, వాదించకండి. మీరు అతిథులు. కానీ గైడ్ టీచరే చేతికి బెత్తం ఇచ్చినా తీసుకోకండి. ‘నాకు అలవాటు లేదండీ’ అంటే చాలు.

బయటికి గెంటడం కూడా వద్దు. వరండాలో నిలబడ్డవాడు పాఠం వినడు, పక్క తరగతిని నవ్విస్తాడు. అంతే కాదు, లెక్కలంటే భయపడేవాడికి అది వరం. రేపు కావాలని చేస్తాడు.

ఒకటికి అడిగితే పంపండి

‘ఒకరిని పంపితే అందరూ అడుగుతారు’ అంటారు. మొదటి వారం నిజంగానే అడుగుతారు. తలుపు పక్క మేకుకి ఒక అట్టముక్క తగిలించండి. అది మెళ్ళో వేసుకుని ఒకరు వెళ్తారు, వచ్చి తగిలించాక ఇంకొకరు. మిమ్మల్ని అడగక్కర్లేదు, పాఠం ఆగదు. ఎనిమిదో తరగతి ఆడపిల్లను ‘ఇప్పుడే ఇంటర్వెల్ అయింది కదా, ఎందుకు?’ అని అందరి ముందు అడగడం ఎంత క్రూరమో మగ ట్రైనీలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. నెలసరి రోజుల్లో ఆ పిల్ల జవాబు చెప్పలేదు. మర్నాటి నుంచి నెలకి మూడు రోజులు బడికి రావడం మానేస్తుంది.

చాక్లెట్లు పంచకండి

కాలేజీలో పునర్బలనం గురించి చదివి ఉంటారు. దాన్ని ట్రైనీలు చాక్లెట్‌గా మార్చుకుంటారు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, స్కెచ్ పెన్నులతో ఇష్టంగా బొమ్మలు వేసే చిన్నపిల్లల మీద ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత బహుమతి లేనప్పుడు ఆ పెన్నులు ముట్టుకోవడం తగ్గించారు. మీరు 16 వారాల తర్వాత వెళ్ళిపోతారు. చాక్లెట్ల అలవాటు మీ వెనకాల వచ్చే టీచరు నెత్తిన పడుతుంది. పిల్ల చేసిన పని గురించి ఒక వాక్యం చెప్పండి: ‘రెండో పద్ధతిలో కూడా చేసి సరిచూసుకున్నావు, బాగుంది.’ వట్టి ‘వెరీ గుడ్’ కూడా చాక్లెట్ లాంటిదే.

నవ్వండి, మాట మాత్రం మార్చకండి

మీకు ఇరవై రెండేళ్ళు, పదో తరగతి పిల్లలకి పదిహేను. ఆ దగ్గరతనం చూసి స్టాఫ్‌రూమ్ భయపడుతుంది, మీరూ భయపడతారు. నవ్వితే కొంప మునగదు. పిల్లలు చంకెక్కేది టీచరు చెప్పినమాట మార్చినప్పుడు. సోమవారం నోటుబుక్కు తేకపోతే ఒప్పుకోనని, మంగళవారం ఒప్పుకుని, బుధవారం మీ మూడ్ బాగోక అదే తప్పుకి కేకలేస్తే, పిల్లలు మీ నియమం చూడటం మానేసి మీ మొహం చూడటం మొదలుపెడతారు. నియమాలు మూడుకు మించి పెట్టకండి. పెట్టినవాటిని తరగతిలో బాగా చదివే పిల్లకీ, హెడ్మాస్టరుగారి మేనల్లుడికీ ఒకేలా వర్తింపజేయండి. అప్పుడు ఎంత నవ్వినా ఫర్వాలేదు.

ఫోన్ నెంబర్లు ఇవ్వడం, ఇన్‌స్టాలో పిల్లల్ని చేర్చుకోవడం మాత్రం చేయకండి. అది చనువు కిందికి రాదు, వాళ్ళ భద్రతకి సంబంధించిన సంగతి.

తెలియదని చెప్పండి

పిల్లలు పరీక్షించడానికి ప్రశ్నలు అడుగుతారు, నిజంగా తెలుసుకోవాలని కూడా అడుగుతారు. రెండింటికీ జవాబు ఒకటే. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి, బోర్డు మూలన ఆ ప్రశ్న రాసి ఉంచండి, రేపు చెప్పండి. రేపు తప్పకుండా చెప్పాలి. ‘సిలబస్‌లో లేదు, కూర్చో’ అన్న మాటతో అడిగినవాడే కాదు, అడుగుదామనుకున్న ఇంకో ఐదుగురు కూర్చుండిపోతారు.

లీజర్ పీరియడ్‌ని చిన్నచూపు చూడకండి

ఎవరో సెలవు పెడతారు, మిమ్మల్ని ఆ క్లాసుకి తోలతారు. మీ సబ్జెక్టు కాదు, ఆ పిల్లల పేర్లు తెలియవు, రికార్డుకీ పనికిరాదు. వెళ్ళి ‘చదువుకోండి’ అని కుర్చీలో కూర్చుంటే పావుగంటలో గది సంత అవుతుంది. మీరు నేర్చుకోవడానికి బడిలో దొరికే మంచి అవకాశం ఇదే, ఎందుకంటే ఇక్కడ మార్కులు వేసేవాళ్ళెవరూ లేరు. సంచిలో ఎప్పుడూ నాలుగైదు పనులు సిద్ధంగా ఉంచుకోండి. గట్టిగా చదివి వినిపించడానికి ఒక కథ, సగంలో ఆపి మిగతా సగం పిల్లలతో చెప్పించడానికి. పొడుపు కథలు, పిల్లలే ఇంటి నుంచి మోసుకొచ్చినవైతే మరీ మంచిది. ఒకటి నుంచి వంద దాకా సంఖ్యలన్నీ కూడితే ఎంతో త్వరగా చెప్పే దారి వెతకడం. ఊరి పటం గీసి అందులో తమ ఇల్లు పెట్టడం. ఈ చివరిది ఏ తరగతిలోనైనా పారుతుంది. గీస్తూ పిల్లలు చెప్పే కబుర్లు వింటే, ఎవరు ఎక్కడి నుంచి ఎంత దూరం నడిచి వస్తున్నారో మీకు తెలిసిపోతుంది.

పరిశీలన రోజున పాత పాఠం చెప్పకండి

సూపర్‌వైజరుగారు వస్తారని తెలిసి, నిన్న చెప్పిన పాఠాన్నే మళ్ళీ చెప్పడం, జవాబులు ముందే బట్టీ పట్టించడం, చెయ్యెత్తాల్సిన పిల్లల్ని ఎంచి ముందు కూర్చోబెట్టడం చాలా చోట్ల జరుగుతుంది. పిల్లలు సహకరిస్తారు, మీ మీద ఇష్టం కొద్దీ. ఆ నలభై ఐదు నిమిషాలూ అద్భుతంగా సాగుతుంది, మార్కులూ పడతాయి. మర్నాడు మీరు ‘నిజం చెప్పండి, ఎవరు చేశారు?’ అని అడగడానికి ఆ తరగతిలో మీకు నోరు ఉండదు. కొత్త పాఠమే చెప్పండి. ఇరవై నిమిషాలకని రాసుకున్న భాగం ఐదు నిమిషాల్లో అయిపోవచ్చు, లేదా ఒక పిల్ల అడిగిన ప్రశ్న దగ్గరే పీరియడ్ అంతా ఆగిపోవచ్చు. ఆ పిల్ల అడిగింది విలువైనదైతే పాఠ్య పథకం పక్కన పెట్టండి. ఎందుకు పక్కన పెట్టారో తర్వాత సూపర్‌వైజరుగారికి వివరించండి. మంచి సూపర్‌వైజరు వింటారు. వినకపోతే రెండు మార్కులు పోతాయి, పోనివ్వండి.

ఇక రాత్రి రాసే జర్నల్. ‘నేటి బోధన విజయవంతంగా సాగింది, విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు’ అని అందరూ రాసే వాక్యాన్ని రాయకండి. హాజరు పట్టీ ముందు పెట్టుకుని, ఇవాళ మీరు ఒక్క మాట కూడా మాట్లాడని పిల్లల పేర్లు రాయండి. మొదట్లో జాబితా పొడవుగా ఉంటుంది. అల్లరి చేసేవాళ్ళ పేర్లు అందులో ఉండవు, వాళ్ళతో మీరు రోజంతా మాట్లాడుతూనే ఉంటారు. ఉండేవి కిటికీ వైపు మూడో బెంచీలో చివర కూర్చునే పిల్ల లాంటి వాళ్ళ పేర్లు. ముఖం గుర్తొస్తుంది గానీ గొంతు గుర్తుకు రాదు. వాళ్ళలో ముగ్గుర్ని ఎంచుకుని, ఒక్కొక్కరికీ సరిపోయే ప్రశ్న ఒకటి ఈ రాత్రే రాసి పెట్టుకోండి.